కసీమాలీ ఆఖరి కోరిక

కరకోల్ పశువుల సంతలో ఇద్దరి చేతులు కలిపి పట్టుకుని ఊపుతూ గుర్రం బేరం తెగ్గొడుతున్న ముసలి దళారీ, నాలుగేళ్ల కిందట తాను స్వయంగా వెళ్లి ఏడ్చివచ్చిన శవమేనని బురుల్ గుర్తుపట్టింది.

మొదట తన కళ్లనే తప్పు పట్టింది. మనిషిని పోలిన మనుషులుంటారు. కొండగాలికి ఆరిపోయిన ముసలి మొహాలన్నీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. కానీ ఈ మనిషి ఎడమ చెవికి తమ్మె లేదు. ఎప్పుడో మంచు కొరికేసిన ఆ చెవిని ఆమె రోజూ చూస్తుంది. రాజధాని బిష్కెక్‌లో తమ ఆఫీసు గోడకి, సరిగ్గా తన కుర్చీకి ఎదురుగా, పెద్ద ఫొటోలో ఉందా చెవి. ఫొటో కింద ఇత్తడి రేకు మీద 'కసీమాలీ తాత, మా మొదటి దాత' అని చెక్కి ఉంటుంది. సంస్థ పేరు కూడా ఆయనదే. కసీమాలీ సినిమా నిధి.

దళారీ అమ్మేవాడి చేతిని కోటు చేతిలోంచి బయటికి లాగి, కొనేవాడి అరచేతిలో చప్పుడయ్యేలా వేశాడు. ఒక అంకె చెప్పి ఊపాడు. కొనేవాడు చెయ్యి వెనక్కి తీసుకోబోతే మణికట్టు దగ్గర దొరకబుచ్చుకున్నాడు. ఇంకో అంకె, ఇంకో ఊపు. చుట్టూ చేరినవాళ్లు నవ్వుతున్నారు. పక్కనున్న గోధుమరంగు గుర్రం తన గురించి కానట్టే మంచు కలిసిన బురదని కాలితో గీరుతోంది. చివరికి అమ్మేవాడు తలూపాడు. దళారీ ముగ్గురి చేతులనీ ఒక్కసారి గట్టిగా కిందికి దించి వదిలేశాడు. బేరం అయిపోయింది. శవం తన వంతు నోట్లు టోపీలో దోపుకుని పక్క గుర్రం వైపు నడిచింది.

బురుల్ చేతిలో టీ గిన్నె వంగి వేళ్లు కాలాయి. ఆమె అరవలేదు. టీ అమ్మే ఆవిడే చూసి, గిన్నె లాక్కుని, తడిగుడ్డ ఇచ్చింది. ఆ ముసలాయన ఎవరని బురుల్ అడిగింది.

"ఆయనా? దళారీ కసీమ్. జిర్గలాన్ నుంచి ప్రతి ఆదివారం వస్తాడు. ఆయన చెయ్యి పడితే బేరం తెగాల్సిందే. ఏం, నీకేమైనా ఎగ్గొట్టాడా?"

"లేదు. చచ్చిపోయాడనుకున్నాను."

"అయితే నూరేళ్లు బతుకుతాడులే," అని టీ ఆవిడ నవ్వి ఇంకో గిన్నె నింపింది.

బురుల్ సంతకి వచ్చింది కొత్త సినిమాకి గుర్రాలు అద్దెకి మాట్లాడడానికి. ఒక్క గుర్రం కూడా మాట్లాడలేదు. గొర్రెల దొడ్ల వెనక్కి వెళ్లి, గాలి తగలని చోట గోడకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి సిర్గాక్‌కి ఫోన్ చేసింది. నిధి స్థాపించింది అతనే. ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు, దర్శకుడిగా మొదలై ఇప్పుడు ఇతరుల సినిమాలకి పెట్టుబడి కూర్చే పెద్దమనిషయ్యాడు. ఉన్నదున్నట్టు అడగడానికి ఆమెకి నోరు రాలేదు. గురువారం పెట్టుబడి మాటలకి అల్మాటీ నుంచి వచ్చేవాళ్లని కసీమాలీ తాత సమాధి దగ్గరికి తీసుకెళ్తే బాగుంటుందేమో అంది.

సిర్గాక్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సూసమిర్ కనుమలో ఇప్పుడు నడుంలోతు మంచుంటుందక్కా. పాపం ఆ సూటుబూట్ల వాళ్లు గడ్డకట్టుకుపోతారు. వేసవిలో తీసుకెళ్దాం. తాత ఎక్కడికి పోతాడు?"

ఆమె ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. అతను అబద్ధం చెప్పాడన్నది కాదు ఆమెని కలచివేసింది. ఎంత హాయిగా చెప్పాడో అది.

*

సోమవారం ఆమె కొచ్కోర్‌లో ఆగాలి. అక్కడ అసన్‌కుల్ అనే ట్రాక్టరు డ్రైవరు తల్లి పోయింది. నలభయ్యో రోజు దగ్గర పడింది. ఆ రోజుకి, పోయినావిడ పైలోకానికి ఎక్కి వెళ్లేందుకని గుర్రాన్ని కొయ్యాలి, ఊరంతా తినాలి. అసన్‌కుల్ మనసు మాత్రం నిధి వైపు మొగ్గింది. వచ్చి మాట్లాడమని కబురు పెట్టాడు.

ఇదే బురుల్ పని. బ్యాంకులో అప్పులిచ్చే ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చింది. చావింటికి వెళ్తుంది. తలకి తెల్లగుడ్డ కట్టుకుని, గుమ్మం దగ్గరే ఏడుపు అందుకుని, ఆడవాళ్లని ఒక్కొక్కరినీ కావలించుకుని, వాళ్ల పక్కన కూర్చుంటుంది. పోయినవాళ్ల గురించి వాళ్లు చెప్పిందంతా వింటుంది. అడిగితేనే కసీమాలీ కథ చెబుతుంది. సినిమా తీసుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకి తన గుడారంలో చోటిచ్చిన ఆ ముసలి కాపరి, వాళ్ల కళ్ల ముందే పోతూ, తన పేర గుర్రాన్ని కొయ్యొద్దన్నాడు. తనకోసం వచ్చినవాళ్లు ఇచ్చే చదివింపులు ఆ కుర్రాడి సినిమాకి ఇమ్మన్నాడు. "మాంసం ఒక పూట తింటారు, సినిమా మీ మనవలు కూడా చూస్తారు" అన్నది ఆయన ఆఖరి మాట. తన చావుని కూడా సినిమాలో పెట్టుకోమన్నాడు. ఆ మాట లోయలు దాటి పాకింది. చావుకీ సంవత్సరీకానికీ మందలు మందలు ఊడ్చుకుపోతున్న ఇళ్లకి అదొక దారిలా కనిపించింది. ఒక గుర్రం ఇచ్చినవాళ్లున్నారు, చదివింపుల్లో సగం ఇచ్చినవాళ్లున్నారు. అలా అయిదు సినిమాలు వచ్చాయి. ప్రతి సినిమాలోనూ నటుల పేర్లకన్నా ముందు, ఏ చప్పుడూ లేకుండా, పోయినవాళ్ల పేర్లు తెరమీద పడతాయి. ఊరి క్లబ్బుల్లో జనం ఆ పేర్లు వచ్చినప్పుడు లేచి నిలబడతారు. ఎవరి పెట్టుబడికీ తల వంచని సంస్థ అని దేశం బయట కూడా పేరొచ్చింది. ఇప్పుడు అల్మాటీ వాళ్లు పెద్ద మొత్తంతో కలుస్తామంటున్నారు.

బురుల్ చెబితే జనం నమ్మేది ఒకందుకు. ఆమె అక్కడుంది. ఓష్ ఆసుపత్రిలో ఉన్న తల్లిని చూడడానికి వెళ్తుంటే దారి పక్కన చావు గుడారం కనిపించి బస్సు ఆగింది. మగవాళ్లు దిగి ఏడుస్తూ పరిగెత్తారు. ఆమె లోపలికి వెళ్లి, తెర వెనక పడుకోబెట్టిన ఎవరో తెలియని మనిషి కోసం, నిజానికి తన తల్లి కోసం, వెక్కివెక్కి ఏడ్చింది. ఆ చలికాలమే తల్లి పోయింది. ఆమె గుర్రాన్ని బురుల్ నిధికి ఇచ్చేసింది. అన్న గొర్రెల్ని కోసి పని జరిపించాడు. గుమ్మంలో అందరి ముందూ ఒకే ఒక మాట అన్నాడు. "అమ్మని కాలినడకన పంపావు." ఆ తర్వాత మాట్లాడలేదు. తాను చేసింది కసీమాలీ కోరిందేనన్న ధైర్యంతో ఆమె ఇన్నాళ్లూ అన్న మాటని మోసింది.

అసన్‌కుల్ వాకిట్లో కర్రకి కట్టేసిన ఆడగుర్రం కొత్తమనిషిని చూసి చెవులు నిక్కించింది. లోపల నూనె వాసన. పోయినవాళ్లకి వాసన వెళ్లాలని కోడలు తొతుయా పెద్ద బాణలిలో పిండి ముక్కలు వేయిస్తోంది. పిండిని తాడులా సాగదీసి, కత్తితో టకటకా ముక్కలు కోసి, దోసిళ్లతో నూనెలోకి జారుస్తోంది. అసన్‌కుల్ బాబాయి ముకయ్ గోడవార మెత్తమీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఏడ్చి, కన్నీళ్లు తుడుచుకుని, కూర్చునేదాకా మర్యాదగా ఆగాడు.

"అయితే మా వదినని గుర్రం లేకుండా సాగనంపమనేది నువ్వేనన్నమాట," అన్నాడు. "బాగుంది. మా కాలంలో గుర్రాల దొంగలు రాత్రిపూట వచ్చేవాళ్లు."

తొతుయా తల వంచుకుని నవ్వు దాచుకుంది. అసన్‌కుల్ మొహం ఎర్రబడింది. బాబాయిని అలా మాట్లాడొద్దని బతిమాలి, బురుల్ వైపు తిరిగాడు.

"నువ్వు కళ్లారా చూశావట కదక్కా. నువ్వే చెప్పు. నీ నోటితో వింటే బాబాయి ఒప్పుకుంటాడు."

బురుల్ నోరు తెరిచింది. కథ నాలుక చివరే ఉంది. ఎన్ని ఇళ్లలో చెప్పిందో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ తెలుసు. గోధుమరంగు గుర్రం పక్కన టోపీలో నోట్లు దోపుకుంటున్న చెయ్యి కనిపించింది.

"గుర్రాన్ని కొయ్యండి," అంది.

టకటకమంటున్న కత్తి ఆగిపోయింది. బాణలిలో నూనె ఒక్కటే చిటపటలాడుతోంది. ముకయ్ పెదవుల దాకా ఎత్తిన గిన్నెని అలాగే పట్టుకున్నాడు. తాను గెలిచానన్న సంతోషం అతని మొహంలో లేదు. ఏదో చెడు జరిగిందని పసిగట్టినవాడిలా చూశాడు.

అసన్‌కుల్ మెల్లగా లేచాడు. మా అమ్మ పేరు మీ తెరకి చాలదా అని అడిగాడు. ఇంతకన్నా పెద్ద ఇల్లు ఏదైనా దొరికిందా అని అడిగాడు. కాదని ఆమె తల అడ్డంగా ఊపింది. కారణం చెప్పమన్నాడు. ఆమె తలగుడ్డ ముడి బిగించుకుంటూ లేచింది. అతను వాకిట్లోకి వెళ్లి గుర్రం ముందు గడ్డి వేస్తూ నిలబడ్డాడు. ఎంత వేస్తున్నాడో చూసుకోవడం లేదు.

గేటు దాకా తొతుయా వచ్చింది. చేతులకి పిండి అంటుకునే ఉంది. వేయించిన ముక్కలు సంచిలో కట్టి ఇచ్చింది. చావింటి నుంచి ఎవరూ వట్టిచేతులతో వెళ్లకూడదు.

"మా అత్తని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదక్కా," అంది. "పెళ్లయ్యాక కోడలు పిల్ల, ఆ తర్వాత అసన్‌కుల్ వాళ్లమ్మ. చనిపోయాక మౌల్వీ గారు అడిగితే పేరు చెప్పడానికి మా ఆయన ఒక్క నిమిషం తడుముకున్నాడు. ఆ సిగ్గుతోనే మీకు కబురు పెట్టాడు. తెరమీదైనా పడుతుంది కదాని."

ఆవిడ పేరేమిటని బురుల్ అడిగింది.

"ఉమ్సున్," అంది తొతుయా. ఇంకొకసారి, కొంచెం గట్టిగా అంది.

మినీ బస్సులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని బురుల్ బిష్కెక్ దాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. అబద్ధం ఒక్కటే అయితే కోపం తెచ్చుకోవడం తేలిక. ఉమ్సున్ లాంటి పేర్లెన్నో ఆ అబద్ధం మోసుకొచ్చి తెరమీద పెట్టింది. ఆమె తల్లి పేరు కూడా అందులో ఉంది.

*

సిర్గాక్ ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. కొత్త బల్ల మీద అల్మాటీ వాళ్ల కాగితాలు వరసగా పరిచి, వాటికి దూరంగా కూర్చుని నారింజపండు ఒలుస్తున్నాడు. తొక్క తెగకుండా ఒకే చుట్టుగా తీయడం అతని అలవాటు. నిధి తరఫున సంతకాలు రెండుండాలి. ఒకటి అతనిది, రెండోది బురుల్‌ది. గుర్రాలు దొరికాయా అని అడిగాడు. కొచ్కోర్ నుంచి ఎవరో ఫోన్ చేసి చాలా కోపంగా మాట్లాడారని, ఏం జరిగిందని కూడా అడిగాడు.

ఆమె కోటు విప్పలేదు.

"ఆదివారం కరకోల్ సంతలో కసీమాలీ తాత గుర్రాల బేరం చేస్తున్నాడు," అంది.

ఏ కసీమాలీ అని అతను అడగలేదు. నిజమా అని కూడా అనలేదు. తొక్క తెగి బల్లమీద పడింది.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు.

దారి పొడుగునా ఆమె ఒక మూల ఇంకా ఆశపడుతూనే ఉంది. ఇతన్ని కూడా ఎవరో మోసం చేసి ఉంటారని, చెప్పగానే ఉలిక్కిపడతాడని. కుర్చీ లాక్కుని కూర్చుంది.

అతను చెప్పాడు. దాచడానికి ఇంకేమీ లేనివాడిలా, ఒక వరసలో చెప్పాడు. సూసమిర్‌లో మొదటి సినిమా తీస్తున్నప్పుడు చేతిలో ఉన్నదంతా అయిపోయింది. మిగిలింది చావు సన్నివేశం ఒక్కటే. శవంగా పడుకోవడానికి కూలికి గొర్రెలు కాసే కసీమాలీని అడిగాడు. తెర కట్టారు, పక్క గుడారాల ఆడవాళ్లని శోకాలు పెట్టడానికి పిలిచారు, తన స్నేహితులు నడుంకి గుడ్డలు చుట్టుకుని కర్రలు పట్టుకుని కొడుకుల్లా బయట నిలబడ్డారు. కెమెరా దూరంగా గుట్ట మీదుంది. అంతలో రోడ్డు మీద బస్సు ఆగింది. చావు గుడారం కనిపిస్తే ఆగని బస్సు ఈ దేశంలో లేదు. అయ్యో తండ్రీ అంటూ మగవాళ్లు పరిగెత్తుకొచ్చి కుర్రాళ్లని కావలించుకుని ఏడిచారు. ఎవరు పోయారని అడిగితే బిత్తరపోయిన కుర్రాడి నోటికి అసలు పేరే వచ్చింది. తెర ఎత్తి చూసేవాళ్లెవరు? ప్రార్థన చదివి, చదివింపులు చేతిలో కుక్కి వెళ్లిపోయారు.

"ఆ ఏడుపు ఏ నటులూ ఏడవలేరక్కా," అన్నాడు సిర్గాక్. "ఆపమని చెయ్యెత్తాను. కెమెరా వెనక ఉన్నవాడు ఆపలేదు. నేను చెయ్యి దించేశాను."

"ఆ బస్సులో నేనున్నాను."

"తెలుసు. తెరమీద నువ్వు లోపలికి వెళ్తున్నప్పుడు నీ వీపు చూసే, నిన్ను వెతికి పట్టుకున్నాను. అంత నిజంగా ఏడ్చే మనిషి మాకు కావాలనిపించింది."

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఫొటో దించింది. బరువుగా ఉంది, రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. దాన్ని అతని ఎదురుగా ఉన్న కుర్చీలో నిలబెట్టింది. మనిషి కూర్చున్నట్టే ఉంది.

"వాళ్లంతట వాళ్లు పొరపాటు పడ్డారు, సరే," అంది. "ఆఖరి కోరిక మాటేమిటి? గుర్రం కొయ్యొద్దన్నాడన్నది? బస్సు వాళ్లు ఆ మాట కల్పించలేదు కదా. ఆ మాట పట్టుకుని నేను మా అమ్మని పంపాను సిర్గాక్."

అతను ఫొటో వైపు చూడలేకపోయాడు. ఆ అయిదు సినిమాలూ అబద్ధమా, ఊరి క్లబ్బుల్లో లేచి నిలబడినవాళ్లది అబద్ధమా అని మొదలుపెట్టి, మధ్యలోనే మానేశాడు. తెగిన తొక్కని దగ్గరికి లాక్కుంటూ అన్నాడు:

"నేను చాలా అబద్ధాలాడానక్కా. సమాధి అబద్ధం, చచ్చాడన్నది అబద్ధం. ఆ మాట మాత్రం నాది కాదు. అన్నవాడు ఉన్నాడు కదా, వెళ్లి అడుగు."

అతని మొహాన ఉమ్మేయాలనిపించింది బురుల్‌కి. తాను ఇరుక్కున్న బురదలోకి కూలికి పడుకున్న ముసలివాణ్ణి లాగుతున్నాడు. సంస్థ ముద్ర తీసి సంచిలో వేసుకుంది. గురువారం లోపల తాను తిరిగి రాకపోతే సంతకం లేదని, అల్మాటీ వాళ్లకి ఏం చెప్పుకుంటాడో చెప్పుకోమని అంది. సిర్గాక్ అడ్డు రాలేదు. ఆమె తలుపు దాటుతుంటే లేచి, కుర్చీలో ఉన్న ఫొటోని జాగ్రత్తగా తిప్పి, గోడవైపు మొహం పెట్టాడు.

*

జిర్గలాన్‌లో రోడ్డు అయిపోయిన చోట ఆఖరి ఇల్లు కసీమాలీది. వాకిట్లో మేకుకి ఒక కొస కట్టి, గుర్రపు తోకవెంట్రుకలతో తాడు పేనుతున్నాడు. ఎడమచేత్తో పాయలు విడదీసి, కుడిచేత్తో మెలివేసి, మధ్యమధ్య నోటితో తడి చేస్తున్నాడు. ఆమె సలాం చెప్పింది. ఏ పని మీద వచ్చావని అడిగితే కసీమాలీ సినిమా నిధి నుంచి అని చెప్పింది. ఆ మాటకి ఆయన మొహం ఎలా మారుతుందో చూద్దామని దారంతా అనుకుంటూ వచ్చింది.

మొహం మారలేదు. ఆయన పక్కనున్న ముక్కాలిపీట మీద మంచు దులిపాడు.

"కూర్చో తల్లీ. ఎవరో ఒకరు వస్తారనుకుంటూనే ఉన్నాను," అన్నాడు. ఇంట్లోకి కేకేసి టీ పెట్టమన్నాడు.

ముసలావిడ పాల టీ తెచ్చి, గిన్నె సగానికి పోసి ఇచ్చి, వచ్చిన మనిషి మొహం చూసి పశువుల దగ్గరికి వెళ్లిపోయింది. బురుల్ గిన్నె ముట్టుకోలేదు. సిర్గాక్ చెప్పిందంతా చెప్పింది. తన తల్లి గుర్రం సంగతి చెప్పింది. అన్న అన్న మాట చెప్పింది. ఒక్కరు కాదు, ఎన్నో ఇళ్లవాళ్లు ఆ ఆఖరి కోరిక పేరు చెప్పి తల్లులకీ తండ్రులకీ గుర్రాలు మానుకున్నారని చెప్పింది. తాను వెళ్లి మానిపించిందని చెప్పింది.

తాడు పేనే చేతులు ఆగిపోయాయి. అంతసేపట్లో మొదటిసారి ఆయన నిజంగా అదిరినట్టు కనిపించాడు.

"ఇన్ని ఇళ్లా?" అన్నాడు. "ఆ ఏడే సూసమిర్ వదిలి ఇటు వచ్చేశాను, ఒక్క సినిమా తీసుకుని ఊరుకున్నాడనుకున్నాను. నా పేరు పెట్టుకున్నాడని సంతలో ఎవరో అంటే నవ్వుకున్నాను."

ఆ మాట సిర్గాక్ కల్పించాడా, మీరన్నారా అని ఆమె అడిగింది. కల్పించాడని ఒక్క ముక్క అనండి తాతా, వెళ్లిపోతాను అంది.

ఆయన మెలి విడిపోకుండా తాడు కొసని కాలికింద తొక్కిపెట్టాడు.

"ఆ పిల్లవాణ్ణి ఏమీ అనకు. మొదటిరోజు సాయంత్రమే గుడారం పీకేద్దామన్నాడు. పాపం తాతా, డబ్బు వెనక్కిచ్చేద్దాం, ఆ బస్సు పట్టుకుందాం అన్నాడు. వద్దన్నది నేను. రేపు కూడా పడుకుంటాను, ఇంకోసారి తీసుకో అన్నాను. సినిమా కోసమని చెప్పాను. కాదు. డెబ్భై ఏళ్లు గొర్రెల వెనక తిరిగాను. నాకోసం ఎవరైనా ఏడవడం అప్పుడే విన్నాను. నేనెవరో తెలియని వాళ్లు అంత బాగా ఏడిచారు. మర్నాడు కూడా వినాలనిపించింది. అంత చిన్న బుద్ధి నాది.

"మర్నాడు మధ్యాహ్నం గుర్రాల చప్పుడైంది. ఎవరో దిగారు. కర్రలు పట్టుకున్న కుర్రాళ్లని పేరడిగారు. కసీమాలీ, అత్‌బాషీ ఊరి మనిషి అన్నాడొకడు. ఆ తర్వాత కేక వినిపించింది. అన్నా అని. ఆ గొంతు ముప్ఫయ్యేళ్లుగా వినలేదు. అయినా తెలిసింది. వాడు నా తమ్ముడు తెంతిమిష్. దారిన గుర్రాలు తోలుకుపోతూ టీ దుకాణంలో నా పేరు విన్నాట్ట.

"నీకు వాడి సంగతి చెప్పాలి. సర్కారు గొర్రెలు మేపే రోజుల్లో మంద తప్పిపోయింది. తాగి నిద్రపోయింది నేను. అడిగినప్పుడు తమ్ముడి కాపలా అన్నాను. వాడు జైలుకి పోయాడు. తిరిగొచ్చాక నా గుమ్మం తొక్కలేదు. నేనూ వాడి గుమ్మం తొక్కలేదు. తప్పు నాదని ఎవరికీ చెప్పలేదు. నా ముసలిదానికి కూడా.

"తెరకి అటువైపు కూలబడ్డాడు. శవం ముందు అడుగుతారు కదా, ఈయన మీద ఎవరికైనా బాకీ ఉందా, మనసులో పట్టింపుందా అని. ఎవరూ అడగకుండానే వాడు చెప్పాడు. నాకేమీ లేదన్నా, ఆ జైలూ లేదు, ఆ మందా లేదు, ముందే వచ్చి చెప్పాల్సింది, నీకన్నా నాదే మొండితనం అన్నాడు. నన్ను క్షమించమన్నాడు. వాడు నన్ను క్షమించమన్నాడు తల్లీ. మా ఇద్దరికీ మధ్య ఒక గుడ్డ. చెయ్యి చాపితే తగులుతుంది. నా ఊపిరికి ఆ గుడ్డ కదులుతుందేమోనని ఊపిరి బిగబట్టాను."

ఆయన మాట ఆపి, తడిలేని నోటితో వెంట్రుకల పాయని తడి చేయబోయి మానేశాడు.

"లేవాల్సింది. లేచి ఉంటే వాడు నవ్వేవాడేమో, కొట్టేవాడేమో. ఏదైనా తమ్ముడే కదా. నేను లేవలేదు. చచ్చినవాణ్ణి గనక క్షమించాడు. బతికున్నవాణ్ణి క్షమిస్తాడో లేదో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

"వాడు తను ఎక్కొచ్చిన గుర్రాన్నే వదిలేశాడు. అన్న పేర కొయ్యండి అన్నాడు. వాడు వెళ్లిపోయాక తెర తొలగించుకుని బయటికొచ్చాను. ఆ గుర్రం నన్ను చూసింది. ఉత్తుత్తి చావుకి నిజం గుర్రాన్ని ఎలా చంపను? అమ్ముకుంటే దొంగనవుతాను. వెనక్కిస్తే లేచిపోయిన శవాన్నవుతాను. అప్పుడు చెప్పాను ఆ పిల్లవాడికి. గుర్రం కొయ్యొద్దన్నాడని చెప్పు, అన్నీ సినిమాకి ఇమ్మన్నాడని చెప్పు, ముసలాడి ఆఖరి కోరిక అంటే ఎవడూ ఎదురడగడు అన్నాను. మాంసం ఒక పూట, సినిమా మనవల దాకా అన్న ముక్క కూడా నాదే. ఆ పిల్లవాడు ఒప్పుకోలేదు, ఏడిచాడు. సంతలో పట్టుకున్నట్టు వాడి చెయ్యి పట్టుకుని, ఊ అనేదాకా వదల్లేదు. ఆ కోరిక చచ్చేవాడిది కాదు. నా పిరికితనం బయటపడకుండా కప్పుకోవడానికి నేను కుట్టుకున్న గుడ్డ. దాన్ని మీరంతా మీ తల్లుల మీద కప్పారు."

బురుల్ గిన్నెలో చల్లారిన టీ మీద మీగడ కట్టింది. దొడ్లో ఆవు అరిచింది.

"మీ అన్న బతికే ఉన్నాడా?" అని ఆయన అడిగాడు.

ఉన్నాడంది.

ఆయన తలూపాడు. తాడు కొస మీంచి కాలు తీసేశాడు. పేనిన మెలి అంతా ఒక్కసారిగా గిర్రున విడిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"నా పేర మా ఊళ్లో సంవత్సరీకం పెట్టింది తెంతిమిషే. సంతలో మా ఊరివాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఊరొదిలి ఎన్నో ఏళ్లైంది, నేనెవరో వాళ్లకి తెలియదు. మంచి గుర్రాన్ని కోశాడట. కోరిక సంగతి చెబితే, అన్న అలాగే అంటాడు, నేను మాత్రం ఊరుకోను అన్నాడట. పోయిన వసంతంలో వాడు పోయాడని కూడా సంతలోనే విన్నాను. మర్నాడు పాతిపెడతారన్నారు. గుర్రానికి జీను వేశాను. కనుమ దాకా వెళ్లాను. అక్కడ అడుగుతారు కదా, ఈయన ఎవరికైనా బాకీనా, ఈయనకి ఎవరైనా బాకీనా అని. వాడికి బాకీ పడ్డవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. చచ్చినవాణ్ణి తల్లీ నేను, తమ్ముడి చావుకి ఏ మొహంతో వెళ్లను? వెళ్లలేదు."